ఆకాశంలో ఎదురైన ఇద్దరు బిడ్డలు



చిలకలూరిపేట నుండి ఒంగోలు వైపు జాతీయ రహదారి మీద ప్రయాణం చేసే మీలో చాలామంది ఒక సంగతి గమనించే ఉంటారు. కొరిశపాడు, రేణంగివరం గ్రామాల దగ్గర రోడ్డు ఒక్కసారిగా వెడల్పై, నాలుగు కిలోమీటర్ల పొడవునా పలకలాగా సాపుగా సాగిపోతుంది. ఆపత్సమయంలో వాయుసేన విమానాలు దిగటానికి కట్టిన రోడ్డు అది. 2022 డిసెంబరు 29న అక్కడ మొదటిసారి విమానాలతో పరీక్ష జరిపారు. 2024 మార్చి 18న మళ్లీ జరిపినప్పుడు రవాణా విమానాలు రోడ్డు మీద దిగి, తిరిగి లేచి వెళ్లాయి. మార్చి నెల అంటే మనవైపు మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు. నెత్తి మీద అంత చప్పుడైతే కాయలు ఏరుకునే చేతులు ఆగకుండా ఎలా ఉంటాయి? తల ఎత్తి చూసినవారిలో, ఆ విమానం నడిపే బిడ్డ ఏ తల్లి కన్నబిడ్డో అనుకున్నవారు ఎందరో నాకు తెలియదు గాని, మన తల్లులలో కొందరైనా అనుకునే ఉంటారు.

అటువంటి బిడ్డ ఒకని జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను. డిసెంబరు నెలలోనే దీన్ని వ్రాయటానికి ఒక కారణం ఉంది. డిసెంబరు 10వ తేదీ లొరేటో మాత స్మరణ దినం. నజరేతులో మరియమాత నివసించిన పవిత్ర గృహాన్ని దేవదూతలు ఆకాశమార్గాన మోసుకొని వచ్చి ఇటలీ దేశంలోని లొరేటోలో దించారని ప్రాచీన సంప్రదాయం. ఆకాశంలో ప్రయాణం చేసిన ఇంటి తల్లి కనుక, వైమానికులు ఆమెను తమ పాలకురాలిగా కోరుకున్నారు. 1920లో పదిహేనవ బెనెడిక్టు పాపుగారు ఆ కోరికను మన్నించి లొరేటో మాతను వైమానికుల పాలకురాలిగా ప్రకటించారు. 2019లో ఫ్రాన్సిస్ పాపుగారు ఆ స్మరణను విశ్వ శ్రీసభ పంచాంగంలో చేర్చారు. నేను చెప్పబోయే బిడ్డ మరణించింది ఆ స్మరణ దినానికి మరునాడు, 1941 డిసెంబరు 11, గురువారం నాడు. అప్పటికి అతని వయస్సు పందొమ్మిదేళ్ల ఆరు నెలలు.

అతని పేరు జాన్ గిల్లెస్పీ మెగీ. ఇంగ్లీషు చదువుకున్నవారిలో కొందరికి ఆ పేరు ఒక చిన్న కవిత ద్వారా తెలిసి ఉంటుంది. మిగిలినవారికి తెలియకపోయినా ఫరవాలేదు.

జాన్ 1922 జూన్ 9న చైనా దేశంలోని షాంఘై నగరంలో జన్మించాడు. తండ్రి అమెరికా దేశస్థుడు, తల్లి ఇంగ్లండు స్త్రీ. ఇద్దరూ వేదప్రచారానికని చైనా వెళ్లి, అక్కడే కలుసుకొని, వివాహమాడారు. తండ్రిగారు ఎపిస్కోపల్ సంఘానికి చెందిన గురువు. అంటే మన కథోలిక శ్రీసభకు చెందినవారు కారు. అలాంటప్పుడు మన పత్రికలో వారి కథ ఎందుకని మీరు అడగవచ్చు. రెండవ వాటికన్ మహాసభ తరువాత ఆ ప్రశ్నకు పదును తగ్గిందని నా అభిప్రాయం. అయినా అడిగేవారుంటే, ఆ తండ్రి నాన్‌కింగ్ నగరంలో ఏమి చేశాడో విన్న తరువాత అడగమని మనవి.

నలుగురు అన్నదమ్ములలో జాన్ పెద్దవాడు. చిన్నతనం కొంత నాన్‌కింగ్‌లోని అమెరికన్ పాఠశాలలో గడిచింది. 1931లో తల్లి అతన్ని ఇంగ్లండుకు తీసుకొని వెళ్లింది. తొమ్మిదేళ్ల పిల్లవాడు హాస్టలులో చేరాడు. తండ్రి చైనాలోనే తన మందను కాచుకుంటూ ఉండిపోయాడు. బోర్డింగులో పిల్లల్ని వదిలి వచ్చిన తల్లిదండ్రులు మన విచారణలలో ఎందరో ఉన్నారు. ఆ మొదటి ఆదివారం సాయంత్రం ఎలా ఉంటుందో వారికి నేను చెప్పనవసరం లేదు. అయితే ఇక్కడ తండ్రికీ కొడుక్కీ మధ్య రెండు ఖండాల దూరం.

1937 డిసెంబరు 13న జపాను సైన్యం నాన్‌కింగ్‌ను పట్టుకున్నది. ఆ తరువాత వారాల తరబడి ఆ నగరంలో జరిగిన హత్యలు, స్త్రీల మీద జరిగిన అత్యాచారాలు లోకానికంతటికీ తెలిసినవే. విదేశీయులు చాలామంది ముందుగానే వెళ్లిపోయారు. కొద్దిమంది మాత్రం నిలిచారు. వారిలో ఈ మెగీ గురువు ఒకరు. శరణార్థుల కోసం ఒక రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేసిన సంఘంలో ఆయన పనిచేశారు. గాయపడినవారి కోసం ఏర్పడిన రెడ్‌క్రాస్ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఆయన దగ్గర చిన్న సినిమా కెమెరా ఒకటి ఉండేది. ఆస్పత్రిలో పడి ఉన్న క్షతగాత్రులను దానితో చిత్రించారు. పట్టుబడితే ప్రాణం పోయే పని అది. ఆ రీళ్లను 1938 తొలి నెలలలో సహచరుడొకరు రహస్యంగా నగరం దాటించారు. యుద్ధం ముగిసిన తరువాత 1946లో టోక్యో న్యాయస్థానం ముందు మెగీ గురువు నిలబడి, కళ్లారా చూసింది సాక్ష్యం చెప్పారు. ఆ బొమ్మలు లేకపోతే, అలాంటిదేమీ జరగలేదని బుకాయించటం కొందరికి ఇంకా తేలికై ఉండేది.

తండ్రి నాన్‌కింగ్‌లో ఆ పని చేస్తున్నప్పుడు కొడుకు ఇంగ్లండులోని రగ్బీ పాఠశాలలో పదిహేనేళ్ల విద్యార్థి. ఆ పాఠశాలలో మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన పూర్వ విద్యార్థుల పేర్ల పట్టిక ఉండేది. అందులో రూపర్ట్ బ్రూక్ అనే కవి పేరు ఒకటి. ఆయన 1915లో సైనికుడిగా వెళుతూ దారిలో మరణించి, గ్రీసు దేశపు స్కైరాస్ దీవిలో ఒక ఆలివ్ తోపులో రాత్రివేళ సమాధి చేయబడ్డాడు. జాన్ మనస్సు ఆ పేరు మీద నిలిచిపోయింది. ఆ సమాధి చేసిన రాత్రిని గురించే ఒక పద్యం వ్రాసి 1939లో పాఠశాల కవితా బహుమతిని గెలుచుకున్నాడు. 1905లో అదే బహుమతిని బ్రూక్ పొందాడు. ఆ వయస్సు పిల్లలకు మరణం అందంగా కనబడుతుంది. పెద్దలు దాన్ని గుర్తించి, మెల్లగా నేల మీదికి దించాలి. ఈ పిల్లవాడి విషయంలో అందుకు వ్యవధి లేకపోయింది. హెడ్మాస్టరుగారి కుమార్తె మీద కూడా అతనికి ప్రేమ కలిగింది. ఆమె మీద కవితలు వ్రాశాడు. ఆమెకు అటువంటి భావం లేదు గాని, ఆ కుటుంబంతో స్నేహం మాత్రం చివరి దాకా నిలిచింది.

1939లో అమెరికా చూసి రావటానికి వెళ్లాడు. అంతలో సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. తిరిగి ఇంగ్లండు వెళ్లే వీలు లేక కనెక్టికట్ రాష్ట్రంలో ఒక పాఠశాలలో చదువు ముగించాడు. 1940 జూలైలో యేల్ విశ్వవిద్యాలయంలో చదవటానికి ఉపకారవేతనం లభించింది. మన ఇళ్లలో అయితే స్వీట్లు పంచి, దివ్యపూజ చెప్పించేవాళ్లం. జాన్ ఆ కళాశాలలో చేరలేదు. అదే సంవత్సరం అక్టోబరులో సరిహద్దు దాటి కెనడా వాయుసేనలో చేరిపోయాడు.

అప్పటికి అమెరికా యుద్ధంలో లేదు. అందుచేత హిట్లరును ఎదిరించాలనుకున్న అమెరికా యువకులు కెనడా వెళ్లేవారు. దాదాపు తొమ్మిదివేల మంది ఆ విధంగా కెనడా వాయుసేనలో చేరారని లెక్క. మన గుంటూరు మేత్రాసనం ఏర్పడింది కూడా ఆ 1940లోనే. ఇక్కడ మన పెద్దలు కొత్త పీఠాధిపతులకు స్వాగతం చెబుతున్న రోజుల్లో, అక్కడ కుర్రవాళ్లు కాలేజీలు వదిలి సైన్యంలో పేర్లు వ్రాయించుకుంటున్నారన్న మాట. ఆ యుద్ధం మనకు ఎంతో దూరమనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు సముద్రతీరపు ఊళ్లవాళ్లు మూటలు కట్టుకొని లోపలికి పరుగెత్తారు. బేగంపేటలో కూడా ఆ యుద్ధకాలంలో విమాన శిక్షణ పాఠశాల నడిచింది.

ఇక్కడ శిక్షణ గురించి కొంచెం చెప్పాలి. సైనికుడు శత్రువు చేతిలో చనిపోతాడని మనం అనుకుంటాం. వైమానికుల విషయంలో అది సగమే నిజం. యుద్ధం తొందరలో, ఇంకా మీసాలు సరిగా రాని పిల్లలను నెలల వ్యవధిలో పైలట్లుగా తయారు చేయవలసి వచ్చింది. కెనడాలో నడిచిన ఆ మహా శిక్షణ పథకంలో 1,31,000 మందికి పైగా తర్ఫీదు పొందారు. వారిలో ఎనిమిది వందల మందికి పైగా శత్రువు ముఖమైనా చూడకుండా శిక్షణలోనే మరణించారు. బ్రిటన్‌లో బాంబర్ విమానాల దళం ఒక్కదానిలోనే ఐదువేల మందికి పైగా శిక్షణ ప్రమాదాలలో పోయారు. మబ్బు, మంచు, అలసట, అనుభవం లేకపోవటం, ఒకే ఆకాశంలో అనేక విమానాలు తిరగటం, వీటికి తుపాకులు అక్కరలేదు. అలా పోయినవారి ఇళ్లకు వచ్చిన తంతి కూడా యుద్ధంలో పోయినవారి ఇళ్లకు వచ్చిన తంతి వంటిదే. అయినా మా అబ్బాయి దేనికోసం పోయాడని తల్లి అడిగితే, జవాబు చెప్పటం మాత్రం ఇంకా కష్టం.

జాన్ 1941 జూన్‌లో పైలట్‌గా అర్హత పొంది, కొద్ది రోజులకే బ్రిటన్ చేరాడు. వేల్స్ ప్రాంతంలోని లాండో అనేచోట స్పిట్‌ఫైర్ విమానం మీద తర్ఫీదు ఇచ్చారు. అది ఒకే మనిషి కూర్చునే యుద్ధ విమానం. పక్కన గురువు ఉండడు. మొదటిసారే ఒంటరిగా ఎగరాలి. అక్కడ ఒకరోజు ముప్పైవేల అడుగుల పైకి వెళ్లాడు. ఆ ఎత్తులో ప్రాణవాయువు గొట్టం ముక్కుకు ఉండాలి, చలికి వేళ్లు కొయ్యబారతాయి. కింద భూమి గుండ్రంగా వంగినట్లు కనిపిస్తుంది. ఆ ఎత్తులోనే అతని మనస్సులో ఒక కవిత మొదలైంది. నేల మీదికి దిగిన తరువాత పూర్తి చేశాడు. పద్నాలుగు పాదాలే. 1941 సెప్టెంబరు 3వ తేదీన తల్లిదండ్రులకు వ్రాసిన ఉత్తరంతో పాటు దాన్ని పంపించాడు. అప్పటికి తండ్రి చైనా వదిలి వచ్చి, వాషింగ్టన్ నగరంలో పునీత యోహాను పేరిట ఉన్న దేవాలయంలో సహాయక గురువుగా ఉన్నారు.

ఆ కవితను ఇక్కడ ఎత్తి వ్రాయను. కాని అందులో ఏముందో, ఏమి లేదో చెప్పగలను. యుద్ధం కోసం తర్ఫీదు పొందుతున్నవాడు వ్రాసిన ఆ పద్నాలుగు పాదాలలో శత్రువు లేడు. తుపాకి లేదు. ద్వేషం లేదు. ఎగరటంలోని సంతోషం మాత్రమే ఉంది. చిన్నపిల్లవాడు కొత్త సైకిలు దొరికి ఊరంతా తిరిగి వచ్చినట్లు ఉంటుంది. ఆఖరున ఆ ఆట ఆగిపోయి, నిశ్శబ్దంలో ఆ కుర్రవాడి చెయ్యి సర్వేశ్వరుని వైపు చాచి ఉంటుంది. అందులోని కొన్ని మాటలు అంతకుముందు 1938లో వెలువడిన విమాన కవితల సంకలనంలోని పద్యాలకు బాగా దగ్గరగా ఉన్నాయని తరువాతి పరిశోధకులు చూపించారు. నిజమే. చివరి పాదం కూడా పూర్తిగా అతని సొంతం కాదు. ఇది దాచవలసిన విషయం కాదని నేననుకుంటాను. పందొమ్మిదేళ్లవాడు తాను చదివి ఇష్టపడిన మాటలతోనే ప్రార్థిస్తాడు. మన జపమాలలోని మాటలు మాత్రం ఎవరు కనిపెట్టినవి? ఎవరు పలుకుతున్నారన్నదే అక్కడ లెక్క.

సెప్టెంబరులో అతన్ని కెనడా వాయుసేన 412వ స్క్వాడ్రన్‌కు పంపారు. ఇంగ్లండులో లింకన్‌షైర్ అనే జిల్లా అది. మన చిలకలూరిపేట నల్లరేగడి భూముల వలెనే కనుచూపు మేర చదునుగా ఉండే వ్యవసాయ ప్రాంతం. పత్తి, మిరప బదులు అక్కడ గోధుమ, బంగాళాదుంప పండుతాయి. చదును నేల కనుకనే యుద్ధకాలంలో అడుగడుగునా విమానాశ్రయాలు కట్టారు. అక్కడి క్రాన్‌వెల్ అనే చోట ప్రసిద్ధి చెందిన వైమానిక కళాశాల ఉన్నది. మన భారత వాయుసేన తొలి పైలట్లు, తరువాత మన వాయుసేనాధిపతి అయిన సుబ్రతో ముఖర్జీతో సహా, తర్ఫీదు పొందింది కూడా ఆ క్రాన్‌వెల్‌లోనే.

నవంబరు 8న జాన్ జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సు మీదికి వెళ్లాడు. బాంబర్లకు తోడుగా వెళ్లటం ఆ రోజు పని. శత్రు విమానాలు మీద పడ్డాయి. తనతో కలిసి ఎగిరిన నలుగురి జట్టులో జాన్ ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆ రాత్రి భోజనం బల్ల దగ్గర మూడు కుర్చీలు ఖాళీ. నేను దీనిని పెంచి చెప్పదలచుకోలేదు. కాని కవితలోని సంతోషం మాత్రమే చదివి, ఈ కుర్రవాడికి యుద్ధమంటే ఏమిటో తెలియదనుకోవటం పొరపాటు.

ఇక డిసెంబరు 11. నాలుగు రోజుల క్రితమే జపాను పెర్ల్ హార్బరు మీద దాడి చేసింది. అతని స్వదేశం అమెరికా యుద్ధంలోకి దిగింది. సరిగ్గా ఆ గురువారం నాడే జర్మనీ కూడా అమెరికా మీద యుద్ధం ప్రకటించింది. అతను పద్నాలుగు నెలల ముందే ఎంచుకున్న యుద్ధాన్ని అతని దేశం ఆ వారంలో ఎంచుకున్నది.

ఆ ఉదయం వెల్లింగోర్ మైదానం నుండి స్క్వాడ్రన్ విమానాలు అభ్యాసానికి లేచాయి. శత్రువును వెదకటానికి కాదు, జట్టుగా ఎగరటం అలవాటు కావటానికి. పని ముగిసి తిరిగి వస్తున్నప్పుడు కింద మబ్బు కమ్మి ఉన్నది. మబ్బులో ఒకచోట సందు కనబడింది. వరుసగా ఆ సందులో నుండి వేగంగా కిందికి దిగసాగాయి. అదే సమయంలో, మబ్బుకు సరిగ్గా కింద, క్రాన్‌వెల్ నుండి వచ్చిన ఆక్స్‌ఫర్డ్ అనే శిక్షణ విమానం ఒకటి వెళ్తున్నది. రెండు ఇంజన్ల నిదానమైన విమానం అది. స్పిట్‌ఫైర్‌కు ముందు ముక్కు పొడవు. ఆ ముక్కు కిందగా ఏముందో పైలట్‌కు కనబడదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నవానికి నెత్తి మీద మబ్బులో నుండి ఏమి ఊడిపడుతుందో తెలియదు. పదకొండున్నర ప్రాంతంలో, రాక్స్‌హోమ్ అనే పల్లెమీద, సుమారు 1,400 అడుగుల ఎత్తున, రెండూ ఢీకొన్నాయి.

కింద ఒక రైతు ఇదంతా చూశాడు. స్పిట్‌ఫైర్ పైలట్ తల మీది గాజు మూతను వెనక్కు నెట్టటానికి పెనుగులాడాడని, చివరకు లేచి నిలబడి దూకాడని ఆయన తరువాత సాక్ష్యమిచ్చాడు. అప్పటికే నేల దగ్గరపడింది. పారాచూట్ విచ్చుకోవటానికి కావలసిన ఎత్తు మిగలలేదు. జాన్ నేలను తాకిన క్షణంలోనే ప్రాణం విడిచాడు. తన చేలో నిలబడి తల ఎత్తి చూసిన ఆ రైతు పేరు లోకానికి పట్టలేదు గాని, ఆ బిడ్డ ఆఖరి నిమిషాన్ని చూసిన కళ్లు ఆయనవే. మన పొలాల్లో నిలబడి ఆకాశం చూసేవారికి ఆయన దగ్గరి చుట్టమని నాకనిపిస్తుంది.

స్కాప్విక్ అనే చిన్న ఊరిలో, పవిత్ర సిలువ పేరిట ఉన్న సమాధుల తోటలో జాన్‌ను సమాధి చేశారు. కొడుకు పంపిన కవితను తండ్రి తన దేవాలయపు పత్రికలో ముద్రించారు. పత్రిక అంటే మన ఈ పత్రిక వంటిదే, విచారణ ప్రజలు చేతికి తీసుకొని ఇంటికి పట్టుకెళ్లేది. అక్కడి నుండి అది దినపత్రికలకు పాకింది. 1942 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ గ్రంథాలయం దానిని విశ్వాస స్వాతంత్ర్య కవితల ప్రదర్శనలో ఉంచింది. కొడుకు చేతివ్రాత కాగితాన్ని తల్లిదండ్రులు ఆ గ్రంథాలయానికే ఇచ్చివేశారు. 1966లో మైకేల్ కాలిన్స్ జెమిని అంతరిక్ష నౌకలో దాని ప్రతిని తీసుకొని వెళ్లాడు. 1986 జనవరి 28న ఛాలెంజర్ నౌక పేలిపోయి ఏడుగురు మరణించిన సాయంత్రం, అధ్యక్షుడు రీగన్ తన దేశాన్ని ఓదార్చటానికి వెదికినప్పుడు దొరికినవి ఈ కుర్రవాడి మాటలే. అతని సమాధి రాతి మీద కూడా ఆ కవితలోని మొదటి మాటలు, చివరి మాటలు చెక్కారు.

ఇంతవరకు చెప్పింది చాలా పుస్తకాలలో ఉన్నదే. నా మనస్సు మాత్రం ఆ ఉదయం ఢీకొన్న రెండవ విమానం దగ్గర ఆగిపోతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒంటరిగా ఉన్న శిక్షణార్థి కూడా ఆ క్షణంలోనే మరణించాడు. పేరు ఎర్నెస్ట్ ఆబ్రీ గ్రిఫిన్. అతని వయస్సు కూడా పందొమ్మిదే. అతను కవిత వ్రాయలేదు. వ్రాసినా ఎవరూ దాచలేదు. అధ్యక్షులెవరూ అతని మాటలు చెప్పలేదు. జాన్ కథ చెప్పేవాళ్లు అతన్ని ఒక్క వాక్యంలో దాటిపోతారు. కొందరు పేరు కూడా చెప్పరు, ఇంకొక విమానం అంటారు. తప్పు ఎవరిది అని మనం వెదకనక్కరలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, అంతే. ఆ నెల క్రిస్మసుకు రెండు ఇళ్లలో దీపాలు వెలగలేదు. వాటిలో ఒక ఇంటికి మాత్రం ఓదార్చుకోవటానికి ఒక కాగితం మిగిలింది.

మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం మీలో కొందరికి గుర్తుండవచ్చు. యుద్ధంలో కూలిన తన సైనికుల ఆత్మల కోసం బలి అర్పించమని యూదా మక్కబీయుడు చందాలు వసూలు చేసి యెరూషలేముకు పంపుతాడు. ఆ చందాలలో, పేరున్న సైనికునికి ఇంత, పేరులేని సైనికునికి ఇంత అని వేరు చేసినట్లు అక్కడ కనబడదు. మన విచారణలలో సైన్యంలోనూ వాయుసేనలోనూ బిడ్డలున్న ఇళ్లు ఉన్నాయి. తిరిగి రాని బిడ్డల ఫోటోలకు దండలు వేసిన ఇళ్లూ ఉన్నాయి. ఆ ఫోటోలలో చాలావాటి కింద కవితలు లేవు.

లొరేటో మాత స్మరణ మరునాడు ఉదయం పూజకు, మా విచారణ గురువులకు ఒక కాగితం మీద తలంపులు వ్రాసి ఇచ్చాను. మొదటి పేరు చూసి ఆయన తల ఊపారు, ఆ కవిత ఆయనకు తెలుసు. రెండవ పేరు దగ్గర ఆగి, ఇతనెవరు అని అడిగారు. చెప్పాను. ఆయన కలం తీసి, పూజలో చదివేటప్పుడు తప్పు పోకుండా, ఆ రెండవ పేరు పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో మళ్లీ వ్రాసుకున్నారు.